నీలం నట్టు

నమోదు 6204
అమావాస్యకి తొమ్మిది రోజులు. నీరు: మూడో మెట్టు. గీతలు: చూశాను, సరే.

రాస్తున్నది లంక పంపు కాపరి నాంచారమ్మ. ఈ పుస్తకంలో కొట్టివేతలు ఉండకూడదని కట్టుబాటు. రాసింది తప్పని తేలితే కింద ఒప్పు రాయాలి, అంతేగానీ పైది చెరపకూడదు. అందుకే మామూలుగా నేను రెండు ముక్కలకి మించి రాయను. ఈసారి రాస్తాను. రేపు ఎవరైనా నిలదీస్తే చూపించడానికి కాగితం ఉండాలి.

పొద్దున్న పెద్దది ఆగిపోయింది. తెల్ల పొగ కక్కింది. చల్లార్చే తొట్టిలో నీళ్లు అన్నం ఉడికినట్టు కుతకుతలాడాయి. నాలుగు దగ్గులు దగ్గి ఊరుకుంది. హెడ్డు, అంటే ఇంజను మీది ఇనప మూత, దాని కింద సందు మూసే గాస్కెట్ కాలిపోయిందని ఆ దగ్గు వినగానే తెలిసిపోయింది.

పెద్దది అంటే పెద్ద పంపుని తిప్పే ఇంజను, కానుగ నూనెతో నడుస్తుంది. రోజువారీ ఊటకి చిన్నది చాలు. కానీ ఆశ్వయుజ అమావాస్య పోటుకి కట్ట బయట సముద్రం మా ఇళ్ల కప్పులకంటే ఎత్తున నిలబడుతుంది. ఆ వారం కట్ట అడుగు నుంచి తన్నుకొచ్చే ఊటని తోడడం చిన్నదాని వల్ల కాదు. పంపు మడుగుకి అడుగు నుంచి తొమ్మిది మెట్లు. ఏడో మెట్టు మునిగితే ఉప్పునీళ్లు చేలకి ఎక్కుతాయి. వరి ఇప్పుడు పాలు పోసుకుంటోంది. ఇప్పటికి రెండుసార్లు మునిగాం. మూడోసారి మునిగితే లంక పేరు కొట్టేసి నలభై ఒక్క ఇళ్లనీ మెరక మీద రేకుల షెడ్లలో పెడతామని మెరక ఆఫీసు వాళ్లు రాతపూర్వకంగా చెప్పారు.

కొత్త గాస్కెట్ ఉంది. రాగి రేకు కత్తిరించి నేనే చేసి పెట్టుకున్నాను. అది వెయ్యాలంటే హెడ్డు ఎత్తాలి, హెడ్డు ఎత్తాలంటే ఎనిమిది నట్లూ రావాలి. ఇంజను ఒంట్లోంచి బొటనవేలంత లావు ఇనప మొలలు ఎనిమిది పైకి ఉంటాయి, వాటిని స్టడ్లు అంటాం. వాటి మీద ఎనిమిది నట్లు. కట్ట వేసిన నాడు ఇక్కడున్నవి ఎనిమిది ఇళ్లు, అందుకని ఇంటికో నట్టు, ఇంటికో రంగు. ఆ ఇంట బిడ్డ పుడితే నట్టు గోరంత బిగిస్తారు. మనిషి పోతే పదకొండో రోజున గోరంత వదులు చేస్తారు. ఇళ్లు పెరిగినా అందరూ ఆ ఎనిమిదింట్లోని వాళ్లే. మాది పసుపు.

సాయంత్రానికి ఏడు వచ్చాయి. పసుపుది పానా పెట్టగానే వచ్చేసింది, మేం మా నట్టుకి నూనె పెట్టుకుంటాం మరి. నీలం మాత్రం కదల్లేదు. నీలం శేషారత్నం వాళ్లది.

నమోదు 6205
ఎనిమిది రోజులు. నీరు: మూడో మెట్టు నిండింది. చిన్నది తిరుగుతోంది.

నీలం నట్టు మీద పానా పెట్టి ఒళ్లంతా బరువేసి లాగాను. పానా జారింది. నా వేళ్ల కణుపులు హెడ్డుకి కొట్టుకుని తోలు లేచిపోయింది. నట్టు మూల ఒకటి పెళుసుగా ఊడి కింద పడింది.

ఇనుము అలా ఊడదు. ఆ ముక్క తీసి గోటితో గీకాను. పైన నీలం రంగు, లోపల గోధుమ రంగు పెచ్చు. దీపం మీద పెడితే కరిగి వాసన వచ్చింది. గుగ్గిలం, పడవ పలకల సందులు మూసే గుగ్గిలం.

రంగంతా గీకేశాను. ఆరు మూలల్లో నాలుగు ఎప్పుడో అరిగి గుండ్రమైపోయాయి. అరిగిన చోట ఎవరో గుగ్గిలంతో మూలలు కట్టి, ఆరనిచ్చి, పైన రంగు వేశారు. కుండకి అతుకు వేసినంత ఓపికగా చేశారు. నట్టు నుంచి హెడ్డు మీదకి మేము గీసే తెల్లగీత కూడా కొత్తదే. ఆ గీత నా చేతిది కాదు. నా గీత కుడికి కాస్త వాలుతుంది.

గీత సంగతి ఇక్కడ చెప్పాలి. నట్టు సరిగ్గా బిగించాక నట్టు మీదా హెడ్డు మీదా కలిపి ఒక గీత గీస్తాం. నట్టు తిరిగితే గీత తెగుతుంది. రోజూ పొద్దున్నే గీతలు చూసి ఇందులో రాస్తాను. అంటే ఎవరో నట్టు తిప్పి, గీత మళ్లీ కలిపి గీసి, నన్ను గుడ్డిదాన్ని చేశారన్నమాట. పంపుశాల తలుపుకి తాళం ఉండకూడదు, ఊట పెరిగితే ఎవరైనా పరిగెత్తుకొచ్చి గంట కొట్టాలి కాబట్టి. మధ్యాహ్నం నేను అన్నానికి వెళ్లే గంటసేపు ఇక్కడ ఎవరూ ఉండరు. మా అక్క తాయారు ఉన్నప్పుడు ఒకరం తింటే ఒకరం ఉండేవాళ్లం. అక్క పోయి పదకొండు నెలలు.

లంకలో గుగ్గిలం ఉన్న ఇళ్లు రెండే. ఒకటి పెద్దకాపు బాపనయ్య బాబాయిది, రెండోది శేషారత్నానిది.

నమోదు 6206
ఏడు రోజులు. నీరు: నాలుగో మెట్టు.

కిరసనాయిలు, కానుగ నూనె కలిపి గుడ్డ తడిపి నీలం నట్టుకి చుట్టాను. అది నట్టు లోపలి మర చుట్లలోకి దిగడానికి రెండు రోజులు పడుతుంది. గంటకోసారి సుత్తితో నట్టు చుట్టూ తట్టాలి. గట్టిగా కొట్టకూడదు. కాపాడుకోవాల్సింది నట్టు కాదు, స్టడ్డు. నట్లు ఇంకో రెండు పెట్టెలో ఉన్నాయి. స్టడ్డు మొదలంటా విరిగితే లంకలో దానికి మందు లేదు.

బాపనయ్య బాబాయి వచ్చి గడప మీద కూర్చున్నాడు. లంకకి ఆయనే పెద్ద. ఈ పుస్తకంలో అమావాస్యకోసారి సంతకం పెట్టేది కూడా ఆయనే.

"మెరక మీద షెడ్లకి ఫ్యాన్లు కూడా పెట్టారంట నాంచారీ," అన్నాడు మోకాళ్లు ఒత్తుకుంటూ.

"నీకెవరు చెప్పారు?"

"వయర్‌లెస్‌లో అన్నారు. నీళ్లు కూడా గొట్టంలోనే వత్తయంట."

"నీ దగ్గర గుగ్గిలం ఉందా బాబాయ్?"

"ఉంటే?"

"ఊరికే అడిగాను."

ఆయన నా వైపు చూసి, "నా చేతులు వణుకుతా ఉంటే పడవలు మానేసి రెండేళ్లయింది. గుగ్గిలం డబ్బా అట్టానే గడ్డ కట్టింది. కావాలంటే వచ్చి చూసుకో," అన్నాడు. వెళ్లి చూశాను. మొహమాటపడితే పంపు నడవదు. డబ్బాలో గుగ్గిలం రాయిలా ఉంది, మీద బూజు, అంచున సాలెగూడు. ఆయన్ని వదిలేశాను. పూర్తిగా కాదు.

సాయంత్రం శేషారత్నం తనంతట తనే వచ్చింది. లోపలికి రాలేదు. గుమ్మంలో నిలబడి, "ఒదినా, నీలం వచ్చిందా?" అంది.

"రాలేదు."

"రాదులే," అని వెళ్లిపోయింది.

వస్తుందా అని అడిగితే అర్థం చేసుకోవచ్చు. రాదులే అని అంత నిబ్బరంగా ఎలా అనగలిగింది? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ పిలవకుండా ఎందుకొచ్చింది?

ఆమెకి నా మీద కోపం ఉండటానికి కారణం ఉంది. దాచను. మూడేళ్ల కిందట ఇదే ఇంజనుకి కొత్త స్టడ్లు తెమ్మని నేను జాబితా రాసిచ్చి ఆమె మొగుడు కనకలింగాన్ని మెరక మీద పాత ఇనుం యార్డుకి పంపాను. అతను గానీ, అతని పడవ గానీ తిరిగి రాలేదు. వెతకడానికి పోయిన వాళ్లకి చుక్కాని కర్ర కూడా దొరకలేదు. ఆ రోజు నుంచి ఆమె నాతో అవసరమైన మాటే మాట్లాడుతుంది. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకునే మనుషులు ఉంటారు. ఇంజను పోతే లంక పోతుంది, నేనూ పోతాను.

నమోదు 6208
అయిదు రోజులు. నీరు: అయిదో మెట్టు.

కనకలింగం స్టడ్లు తెచ్చి ఉంటే ఈ పాట్లు ఉండేవి కావు. అది అతని తప్పు కాదు.

ఒక సైజు తక్కువ సాకెట్టు, అంటే నట్టు మీద టోపీలా దిగే పానా, తెచ్చి, అరిగిన నట్టు మీదికి సుత్తితో కొట్టి దింపాను. పట్టు దొరికింది. గొట్టం తొడిగి లాగితే ఠప్‌మని శబ్దం వచ్చింది. చూస్తే సాకెట్టు చీలింది, స్టడ్డు కాదు. పానాలు పోతే పోయాయి గానీ మొల నిలబడింది.

ఈ నట్టు తుప్పుతో పట్టేసింది కాదు. తుప్పయితే నూనెకి కాస్తయినా కరిగేది. దీన్ని బిగించారు. చాలాసార్లు, చాలా బలంగా, మర అరిగి ఇనుమూ ఇనుమూ కరుచుకునేదాకా బిగించారు. పాడుచేయదలిచినవాడు వదులు చేస్తాడు కదా అని మీకు అనిపించవచ్చు. వదులు చేస్తే నాకు వెంటనే తెలిసిపోతుంది. అతిగా బిగిస్తే ఎవరికీ తెలియదు, ఇంజను విప్పాల్సిన రోజు వచ్చేదాకా. తెలివైన పనే చేశారు.

నమోదు 6209
నాలుగు రోజులు. నీరు: అయిదో మెట్టు నిండింది.

ఇవాళ కదిలింది.

బ్లో ల్యాంపుతో నట్టుని మాత్రమే కాల్చాను, స్టడ్డుకి మంట తగలకుండా తడిగుడ్డ కప్పాను. నట్టు కాలి ఎర్రబారబోతుండగా కొవ్వొత్తిని దాని మొదట్లో ఆనించాను. దీపావళికని దాచిన కొవ్వొత్తి. వేడికి మైనం మరలోకి పీల్చుకుంది. పైపు పానా పళ్లు కొరికేలా పట్టించి మెల్లిగా లాగాను. కుయ్యిమంది. గోరంత తిరిగింది. హెడ్డు మీద సూదితో గీత గీసి గుర్తు పెట్టాను.

అక్కడితో ఆపాను. వచ్చింది కదా అని లాగితే స్టడ్డు మెలి తిరిగి విరుగుతుంది. చల్లారనిచ్చి, నూనె పోసి, కాస్త ముందుకి కాస్త వెనక్కి ఆడిస్తూ రప్పించాలి. ఓపిక లేనివాళ్లకి ఈ పని చేతకాదు. అన్నానికి వెళ్లేముందు పైపు పానా పిడికి కింది వైపు బండి కందెనలో దీపం మసి కలిపి రాశాను. నాకు ఎవరి మీదా నమ్మకం లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు.

తిరిగొచ్చేసరికి నట్టు నా సూదిగీత దాటి వెనక్కి తిరిగి ఉంది. మళ్లీ బిగించారు. మిగిలిన రెండు మూలలూ పోయాయి. ఇప్పుడది రూపాయి బిళ్లలా గుండ్రంగా ఉంది, పట్టుకోవడానికి ఏమీ లేదు. పానా పిడి మీద కందెన చెదిరిపోయి ఉంది.

ఈ లంకలో నాలుగు రోజుల్లో ఉప్పునీళ్లలో ఉడికేది నా ఒక్కదాని పంట కాదు.

నూనె పోగెయ్యాలనే వంకతో గిన్నె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. ప్రతి ఇంట్లోనూ నూనె పోసే చేతిని చూశాను. పసుపు చేతులు, పేడ చేతులు, చేప పొలుసు అంటిన చేతులు. మసి చెయ్యి కనపడలేదు. శేషారత్నం ఇంటి దగ్గర ఆమె చెయ్యి కొంగు కిందే ఉంచి ఎడంచేత్తో నూనె పోసింది.

"చెయ్యి చూపించు రత్నం."

"ఎందుకొదినా?"

"చూపించు."

తీసింది. అరచెయ్యి ఇసకతో తోమి తోమి ఎర్రగా ఉంది. గోళ్ల సందుల్లో మాత్రం నల్లగా ఉంది.

"గోళ్లు మర్చిపోయావు," అన్నాను.

ఆమె చెయ్యి వెనక్కి లాక్కోలేదు. "నేనే బిగించాను. అది మా నట్టు. మా ఇష్టం," అంది.

"ఊరు మునిగిపోతుందే."

"దాన్ని ముట్టుకోమాక. ఇంకోదారి చూసుకో."

"ఇంకోదారి లేదు. కోసేస్తాను."

"కొయ్యి చూద్దాం," అని తలుపేసుకుంది.

నట్టు కోయడమంటే మా దగ్గర చిన్నమాట కాదు. కోసిన నట్టు ఇంటికి కట్ట లోపల చోటు లేదని పాత మాట ఒకటుంది. ఇంటివాళ్లు ఒప్పుకోకుండా కోసిన కాపరి ఇప్పటిదాకా ఎవరూ లేరు. ఒప్పుకుని కోయించినవాళ్లూ లేరు. ఆ సంగతి ఆమెకి బాగా తెలుసు.

నమోదు 6210
మూడు రోజులు. నీరు: ఆరో మెట్టు అంచు.

రాత ఇంతే: శేషారత్నం కావాలని ఇంజను పాడుచేసింది. మొగుడి మీది దుఃఖం లంక మీద తీర్చుకుంటోంది. పగటిపూట, అందరూ కంచాల ముందు ఉన్నప్పుడు వచ్చి చేసింది. చేసింది ఒప్పుకుంది. ఈ మాట కాపరిగా నేను రాస్తున్నాను, చెరపను.

రోజంతా నట్టుని మళ్లీ కాల్చడం, మైనం పెట్టడం, పైపు పానా జారడం. ఇంకేమీ లేదు. అన్నానికి ఇంటికి పోలేదు. గడపలో కూర్చుని తిన్నాను.

నమోదు 6211
రెండు రోజులు. నీరు: ఆరో మెట్టు మునిగింది. గాలి తూర్పు నుంచి.

పొద్దున్నే బాపనయ్య బాబాయికి కబురు పెట్టాను. ఆయన శేషారత్నాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. నిన్నటి నమోదు ఆయనకి చదివి వినిపించాను, ఆమె ఎదురుగానే. ఆమె తల వంచలేదు.

"ఎన్నాళ్ల నుంచమ్మా?" అన్నాడాయన.

"మూడేళ్ల నించి బాబాయ్. అమాసకోసారి వచ్చి గోరంత బిగించుకుంటన్నాను."

"ఇంజను మీద ఏం కక్షే నీకు?"

"కక్షేంటి బాబాయ్." ఆమె నట్టు వైపు చూస్తూ మాట్లాడింది. "ఏడాది తిరగ్గానే మీరంతా ఏమన్నారు? మనిషి జాడలేదు, నట్టు వదులు చేసి దినం పెట్టెయ్యమన్నారు. నేను ఒద్దన్నాను. ఊరుకున్నారు. ఊరుకున్నా, ఏదో ఒకరోజు నేను లేనప్పుడు వదులు చేత్తారని నాకు అనుమానం. అందుకని ఎవరి చేతికీ రాకుండా బిగించాను. అది బిగిసి ఉన్నన్నాళ్లూ మా ఆయన ఉన్నట్టే."

"మూలలు అరిగిపోతే గుగ్గిలం పెట్టావు," అన్నాను.

"మా ఆయన డబ్బాలోదే."

వారం రోజులుగా నేను పేర్చుకున్న అనుమానమంతా నా చేతిలోనే చీలిపోయింది. ఆమె నన్ను ముంచాలనుకోలేదు. నేను ఆమె మొగుణ్ని చచ్చిపోయినవాళ్లలో కలిపేస్తానని భయపడింది. ఆ భయం అన్యాయమని నేను ఎలా అనగలను?

అప్పుడు చెప్పకూడని మాట ఒకటి చెప్పాను. కాపరి నుంచి కాపరికి చెవిలో చెప్పుకునే మాట. నాకూ అక్కకీ మా మేనమామ చెప్పాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు.

"రత్నం, వదులు చేసిన నట్టు ఏదీ వదులుగా ఉండదు. మీరంతా వచ్చి పదకొండో రోజున గోరంత వదులు చేసి, ఏడ్చి, ఇంటికిపోతారు. మూడో రోజు పొద్దున్న కాపరి దాన్ని మళ్లీ సరిగ్గా బిగిస్తుంది. బిడ్డ పుట్టినప్పుడు మీరు బిగించింది కూడా గోరంత వెనక్కి తిప్పుతుంది. లేకపోతే వదులైన చోట గాస్కెట్ కాలి, ఇంజను ఒక్క ఏడాది నడవదు. నట్టు బిగువుకీ మనుషులు ఉండటానికీ సంబంధం లేదు."

బాపనయ్య బాబాయి గడప పట్టుకున్నాడు. "మా పెద్దోడు పోయినప్పుడు చేసింది కూడానా?"

"మీ పెద్దోడిది కూడా బాబాయ్."

నేను ఆయన దగ్గర ఏదో దొంగిలించినట్టు అనిపించింది.

"అన్నీనా ఒదినా?" అంది శేషారత్నం.

"అన్నీ," అన్నాను.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, "కొయ్యి," అంది. "చోటు లేదంటే లేదు. అప్పుడు చూసుకుందాం." చోటు సంగతి నేను చూసుకుంటానని బాపనయ్య బాబాయి అన్నాడు.

రంపంతో నట్టు పక్కన నిలువుగా కోత పెట్టాను. స్టడ్డు మర తగలకుండా వెంట్రుకవాసి ఉంచి ఆపాలి. రంపం బ్లేళ్లు మూడు పోయాయి. మధ్యాహ్నానికి కోత దిగింది. ఇక ఉలి ఆ కోతలో నిలిపి ఒక్క దెబ్బ కొట్టాలి. ఉలి నిలపడానికి ఒక చెయ్యి, సుత్తికి రెండు చేతులు. అక్క ఉన్నప్పుడు అక్క పట్టుకునేది.

"నేను పట్టుకుంటాను," అంది శేషారత్నం.

"తప్పితే వేళ్లు పోతాయి."

"తప్పుతావా?"

"తప్పను."

ఆమె ఉలి పట్టుకుంది. నా చేతి కణుపులకి కట్టు, ఆమె గోళ్లలో ఇంకా నా మసి. కొట్టాను. నట్టు రెండు ముక్కలై ఒకటి ఆమె కాలి దగ్గర పడింది. స్టడ్డు మీద మర ఒకచోట చిన్న గాటు, అంతే. ఆకురాయితో సరిచేశాను. కొత్త నట్టు వేళ్లతోనే కిందిదాకా దిగింది.

ముగ్గురం పట్టి హెడ్డు ఎత్తాం. గాస్కెట్ కాలిన చోటు నీలం దగ్గర ఉంటుందని నేను అనుకున్నాను. వారం నుంచి అలాగే రాస్తున్నాను, రాయకపోయినా అలాగే అనుకుంటున్నాను. నీలం దగ్గర రాగి మెరుస్తూ ఉంది. కాలింది దానికి ఎదురు మూల. బొటనవేలంత మేర రాగి నల్లగా తినేసి ఉంది, పసుపు స్టడ్డు పక్కన.

మా నట్టు పక్కన.

శేషారత్నం ఆ మసి మీద వేలు పెట్టి రాసి చూసింది. ఆ వేలు నాకు చూపించి, "అన్నీ అన్నావు," అంది.

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. రత్నం పట్టుకుంది.

ఇక్కడ ఒప్పు రాయాలి. అక్క పోయిన పదకొండో రోజున పసుపు నట్టు నేనే గోరంత వదులు చేశాను. మూడో రోజు పానా తీసుకుని దాని ముందు నిలబడ్డాను. బిగించలేదు. మర్నాడు చేద్దామనుకున్నాను, చెయ్యలేదు. ఆ మర్నాడు గీత తెగి ఉండటం చూసి మొహం తిప్పుకున్నాను. నలభై ఏళ్లు ఈ గదిలో పక్కపక్కనే నిలబడ్డాం. అందరికీ గోరంత చోటు ఇచ్చి మూడో రోజున లాగేసుకున్నదాన్ని, మా అక్కకిచ్చింది మాత్రం లాక్కోలేకపోయాను. పదకొండు నెలలుగా ఈ పుస్తకంలో రోజూ గీతలు చూశాను, సరే అని రాశాను. చూసింది ఏడు. నట్టు పానా పెట్టగానే వస్తే నూనె వల్ల అని రాశాను. నూనె వల్ల కాదు. అది నాకు అప్పుడే తెలుసు.

నీలం అంత బిగిసి ఉండకపోతే ఇంజను విప్పడం ఒక్కరోజు పని. పసుపు సరిగ్గా ఉండి ఉంటే అసలు విప్పాల్సిన పనే లేదు. కాబట్టి ఇంజను ఆపింది నేను. 6210లో శేషారత్నం గురించి రాసింది తప్పు. చెరపడానికి లేదు కాబట్టి అది అక్కడే ఉంటుంది, ఇది దీని కింద ఉంటుంది.

ఆ మాటే వాళ్లిద్దరికీ నోటితో కూడా చెప్పాను. బాపనయ్య బాబాయి నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

శేషారత్నం కొత్త గాస్కెట్ అందిస్తూ, "ముందు ఇది పెట్టు. మిగతాది తరవాత," అంది.

నమోదు 6212
ఒక రోజు. నీరు: ఏడో మెట్టు అంచు తాకింది, దాటలేదు. గీతలు: ఎనిమిది.

ఎదురెదురుగా, మూడు విడతలుగా ఎనిమిదీ బిగించాను. పసుపు నేనే బిగించాను. చెయ్యి ఆగింది. శేషారత్నం చూస్తోందని తెలిసి పూర్తిగా బిగించాను. కళ్లు మండాయి, కిరసనాయిలు వల్ల అని రాయను.

రెండోసారి తిప్పగానే పెద్దది అందుకుంది. పొగ లేదు, బుడగలు లేవు. సాయంత్రానికి నీరు ఆరో మెట్టుకి దిగింది.

నమోదు 6213
అమావాస్య. కట్ట మీద నిలబడితే సముద్రం మోకాలి ఎత్తు తక్కువలో ఉంది. నీరు: ఆరో మెట్టు. పెద్దది ఆగలేదు.

బాపనయ్య బాబాయి పుస్తకం తీసుకుని గడప మీద కూర్చుని 6204 నుంచి ప్రతి ముక్కా చదివాడు. వేలు పెట్టి చదివాడు. సంతకం పెట్టేముందు, "మా పెద్దోడిది మళ్లీ బిగించినప్పుడు నీకేమనిపించింది?" అని అడిగాడు.

"ఆ రోజు అన్నం తినలేదు బాబాయ్," అన్నాను. అది నిజం.

ఆయన సంతకం పెట్టాడు. దాని కింద, ఇకనుంచి గీతలు ఇద్దరు చూడాలి అని రాశాడు. రెండో మనిషి ఎవరో రాయలేదు.

నమోదు 6224
నీరు: రెండో మెట్టు. వరి పసుపు తిరిగింది.

మొన్న 6222న శేషారత్నం నీలం నట్టు గోరంత వదులు చేసింది. తనే పానా పట్టుకుంది. ఎవరూ అడగలేదు. నలభై ఒక్క ఇళ్ల వాళ్లూ వచ్చారు. కోసిన నట్టు రెండు ముక్కలూ గుడ్డలో చుట్టి ఇంటికి తీసుకుపోయింది. ఆమెకి కట్ట లోపల చోటు లేదన్నవాళ్లు ఎవరూ లేరు.

ఇవాళ మూడో రోజు. పంపుశాలకి వచ్చేసరికి ఆమె గుమ్మంలో ఉంది.

"బిగించాలి గదా," అంది.

"నేను చేస్తాను. నువ్వు చూడక్కర్లేదు."

"చూత్తాను."

బిగించాను. ఆమె దగ్గరికి వచ్చి, పానా నా చేతిలోంచి తీసుకుని, తనూ ఒకసారి ఒత్తి చూసింది. తరవాత పసుపు దగ్గరికి వెళ్లి అదీ ఒత్తి చూసింది. అది అయ్యాక మిగతా ఆరూ చూసింది. నేను చూశానని చెప్పినా వినలేదు. రేపు కూడా వస్తానంది. రోజూ వస్తానంది.

ఆమెకి నా మీద నమ్మకం లేదు. మంచిదే. మధ్యాహ్నం నేను అన్నానికి వెళ్లాను, ఆమె ఇక్కడ ఉంది.

గీతలు: ఎనిమిదీ, చేత్తో చూశాం.